ముళ్ళకంప మీది పండు ఎవరిది?

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1968లో వచ్చిన దొంగతనాల చట్టంలో ఒక చిన్న నిబంధన ఉంది. ఎవరి నేలలోనైనా సరే, దానంతటది మొలిచిన మొక్క నుంచి పండ్లు కోసుకుంటే అది దొంగతనం కాదు. అమ్ముకోవడానికి కోస్తే మాత్రం దొంగతనమే. పొద మారలేదు, పండు మారలేదు, ముళ్ళు గీరుకున్న చెయ్యీ మారలేదు. నోట్లో వేసుకుంటే నిర్దోషి, నాలుగు డబ్బులు చేసుకుంటే దొంగ. ఈ గీతని నీతి అనుకోవాలా?

ఈ ప్రశ్నకి సరిపడే పండు బ్లాక్‌బెర్రీ. ఆ పేరు వినగానే మనకి ఒకప్పటి ఫోను తట్టొచ్చు. నేనంటున్నది కంచెల మీద, దారుల పక్కన ముళ్ళతీగలకి కాసే నల్లటి పుల్లతియ్యటి పండు. ఎవరూ నాటరు, నీళ్ళు పొయ్యరు. విక్టోరియా రాణి పాలించిన కాలంలో (1837-1901) ఇంగ్లండు పల్లెల్లో ఆగస్టు చివరి నుంచి ఆడవాళ్ళూ పిల్లలూ బుట్టలు పట్టుకుని దీనికోసం బయల్దేరేవారు. ఆ పనికి భాషలో ఒక క్రియాపదమే ఉంది, బ్లాక్‌బెర్రీయింగ్ అని. సెప్టెంబరు 29న వచ్చే సెయింట్ మైకేల్ పండగ దాటాక ఆ పళ్ళు తినకూడదనేవారు. స్వర్గం నుంచి గెంటేస్తే సైతాను వచ్చి ఈ పొదలోనే పడ్డాడనీ, ఆ కోపంతో ఏటా వాటి మీద ఉమ్ముతాడనీ నమ్మకం. చలికి, తేమకి పండు పాడయ్యే కాలం కూడా అదే. తీగ వంగి, కొస నేలకి తగిలి వేరూనితే కమానులా అవుతుంది. కోరింత దగ్గు వచ్చిన పిల్లల్ని దాని కిందనుంచి దూర్చేవారు. 1874లో పంచదార మీద సుంకం ఎత్తేశాక జామ్ పేదిళ్ళకీ అందుబాటులోకి వచ్చింది. వెన్న కొనలేని ఇంట్లో రొట్టెకి అదే ఆధరువు.

ఇంత ఉపయోగపడిన పండుకి భాష ఇచ్చిన గౌరవం చూడండి. ‘బ్లాక్‌బెర్రీలంత విరివిగా’ అనేది ఇంగ్లీషు నుడికారం. షేక్‌స్పియర్ ఫాల్‌స్టాఫ్ నోట అలాంటి మాటే పలికించాడు. విక్టోరియన్ల నాటికి అది అందరి మాటా అయింది. ఆ పోలికలో సమృద్ధితో పాటు చులకన కూడా ఉంది. ఊరికే దొరికేదానికి విలువేమిటని. మనమూ పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటాం కదా. కానీ ఊరికే దొరికింది ఎవరికి? పొద దాకా నడిచిన కాళ్ళకి కాదు, ముళ్ళు దిగిన వేళ్ళకి కాదు, పొయ్యి దగ్గర నిలబడి కలియబెట్టిన చేతికీ కాదు. బల్ల ముందు కూర్చుని తినేవాళ్ళకి. ఇంగ్లండు 1851 జనాభా లెక్కలు భార్య, తల్లి అనే పనులకి ఒక తరగతి కేటాయించాయి. 1881 లెక్కల్లో ఆ ఇంటిపని చేసే ఆడవాళ్ళని వృత్తి లేనివాళ్ళ కింద వేశారు.

పిల్లల సంగతి ఇంకా విచిత్రం. మైల్స్ బర్కెట్ ఫోస్టర్ నీటిరంగుల బొమ్మల్లో పళ్ళు కోసే పిల్లలు ముద్దుగా ఉంటారు, చూస్తే అది ఆటే అనిపిస్తుంది. 1880 నుంచి అయిదేళ్ళు దాటిన పిల్లలు బడికి రావడం తప్పనిసరి అయింది. పల్లెబడుల రోజువారీ పుస్తకాల్లో మాత్రం హెడ్మాస్టర్లు శరదృతువులో విసుగ్గా రాసుకున్నారు: పిల్లలు రాలేదు, బ్లాక్‌బెర్రీలకి పోయారు. బొమ్మలో ఆట, బడి పుస్తకంలో తప్పు. మొదటి ప్రపంచయుద్ధం ముగింపుకొస్తున్న 1918లో సైనికుల జామ్ కోసం ప్రభుత్వమే బడిపిల్లల్ని ఈ పళ్ళు కొయ్యడానికి పంపించింది. అప్పుడది దేశసేవ! పని అదే. ఎవరికోసం చేస్తున్నారన్నదే దాని పేరు మార్చింది.

పేరు పెట్టే అధికారం నేలతో పాటే వచ్చింది. పొలాల్లో రాలిన కంకులు ఏరుకోవడం పేద ఆడవాళ్ళ పాత ఆనవాయితీ. సఫోక్‌లో మేరీ హౌటన్ అనే ఆవిడ మీద కేసు నడిచి, 1788లో కోర్టు అది హక్కు కాదని తీర్పు చెప్పింది. ఉమ్మడి భూములకి కంచెలు పడ్డాయి. ఆ భూముల మీద ఎక్కువగా ఆధారపడింది ఆడవాళ్ళూ పిల్లలేననీ, అవి పోయాక కుటుంబం మగవాడి కూలి మీదే బతకాల్సి వచ్చిందనీ ఆర్థిక చరిత్రకారిణి జేన్ హంఫ్రీస్ 1990లో వివరించింది. ఆ కంచెల మీదే బ్లాక్‌బెర్రీ అల్లుకుంది. నేల పోయింది, దాని చుట్టూ ఉన్న ముళ్ళు మిగిలాయి.

అమ్మకం దగ్గర గీత గియ్యకపోతే వ్యాపారులు వచ్చి పొదలన్నీ ఊడ్చుకుపోతారు కదా అని అడగొచ్చు. అది నిజమైన భయమే, కాదనను. కానీ లారీతో వచ్చే కంపెనీనీ, ఒక బుట్ట అమ్మి పిల్లకి చెప్పులు కొనే తల్లినీ ఒకే మాటతో కొట్టే గీత పొదని కాపాడటం కోసమే గీశారంటే నమ్మబుద్ధి కాదు. ఏరుకొచ్చింది ఇంట్లో వండిపెట్టినంతకాలం అది ముచ్చట. దానితో ఆమె చేతికి సొంత డబ్బు వచ్చిన క్షణాన నేరం.

అదే రాణి పాలనలో మన మన్యంలో ఈపాటి గీత కూడా మిగల్లేదు. ఇంట్లో తాగడానికి గీసుకునే కల్లు మీద కూడా ఆంక్షలు, చిగురుపన్నూ పడ్డాయి. 1879లో రంపలో తిరుగుబాటు రేగడానికి అదొక ముఖ్య కారణం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. చింతపండు, అడ్డాకు, ఇప్పపువ్వు ఏరుకోవడమే కాదు, అమ్ముకోవడం కూడా గిరిజనుల హక్కేనని మన చట్టం ఒప్పుకున్నది 2006లో. ఆ చట్టంలోనూ వాటి పేరు ‘చిన్నతరహా’ అటవీ ఉత్పత్తులు. కలపతో పోల్చి చిన్నవి. సంతకి గంప మోసుకెళ్ళే ఆడమనిషిని అడిగి పెట్టిన పేరు కాదది.