యువరాజు కొత్త పని చెబితే జాంబవంతుడు ఏమన్నాడు?

డెడ్‌లైన్ మారదు, రిక్వైర్‌మెంట్ మాత్రం వారానికోసారి మారుతుంది, పైవాళ్లకి ఏం చెప్పాలి అని మీలో చాలామంది బాధపడుతుంటారు కదా.

నాకైతే సుందరకాండ 60వ సర్గ గుర్తొస్తుంది. హనుమ సీతమ్మను చూసి మహేంద్రగిరికి తిరిగొచ్చాడు. వానరులకు అప్పగించింది వెతకడం, అది అయిపోయింది. అప్పుడు అంగదుడు, అమ్మ లేకుండా రాముడి దగ్గరికి ఎలా వెళ్తాం, మనమే రావణుణ్ణి చంపి తీసుకొద్దాం అన్నాడు. ఆయన యువరాజు మరి! పైగా వాళ్లకి బలం లేక కాదు.

జాంబవంతుడు కుదరదని కొట్టిపారేయలేదు, తలూపి ఊరుకోనూ లేదు. నీ ఆలోచన తక్కువదేం కాదు రాజకుమారా, కానీ రాముడి మనసులో ఎలా ఉందో అలా చేద్దాం అన్నాడు. వయసులో ఎంత పెద్దాయన, అయినా గద్దించలేదు చూడండి.

మీరూ అలాగే అడగండి. ఆలోచన బాగుంది సార్, ఇది చేర్చితే తేదీ జరుగుతుంది, అసలు నిర్ణయం తీసుకునేవారిని అడిగి మొదలుపెడదాం అని. అడిగేటప్పుడు ఉన్నదంతా చెప్పాలి సుమా! హనుమ రాముడికి సీతమ్మ క్షేమంగా ఉందన్న మాట ఒక్కటే చెప్పి ఆగలేదు, నెల రోజులే గడువన్న మాటా దాచకుండా చెప్పాడు.