ఉప్పెక్కువైందా?

డిగ్రీ చదివే రోజులు. పొద్దుగూకే యాల్ల సుల్తానాబాద్ అవతలి తాటివనంలో నలుగురం దోస్తులం కూర్చున్నాం. గౌడన్న లొట్టి వంచి ఎవరి రేకలో వాళ్లకు పోశాడు. ఏది పోద్దాటిదో, ఏది పరుపుదాటిదో రుచి చూసి చెప్పుడు పందెం. నేనే గెలిచాను. శెభాష్ అని భుజం చరిచారు.

తాటాకు రేక గొప్పది. ఎవరిది వారిదే, తాగి పారేసుడే. కడిగేదెవరన్న పంచాయితీ లేదు. అందుకే కల్లుకాడ కులం లేదంటారు.

అమ్మ వండిచ్చిన బోటి గిన్నె మూత తీశాను. "కడుపు నిండిందిరా" అన్నాడొకడు. ఇంకొకడు తను తెచ్చిన గుడాలు నా ముందుకు జరిపాడు. మూడోవాడు సప్పుడు చెయ్యలేదు.

కలిసి తిన్నంత మాత్రాన కులం పోదని అంబేద్కర్ 1936లోనే 'కులనిర్మూలన'లో రాశాడు. మేం అక్కడిదాకా కూడా రాలేదు. రాజ్యాంగం 17వ అధికరణం 1950లోనే అంటరానితనాన్ని రద్దు చేసింది. సరే, ఆకలి లేదన్నవాణ్ణి తినమనే హక్కు నాకుందా? అడిగితే దోస్తాని తెగుతుంది. అడగకుంటే మా అమ్మ చెయ్యి మైలదని నేనూ ఒప్పుకున్నట్టే. నేను అడగలేదు. వాడి గుడాలు కూడా తిన్నాను.

గిన్నె అట్లనే ఇంటికి తెచ్చాను.

"గిట్ల మిగిలిందేందిరా, ఉప్పెక్కువైందా?" అంది అమ్మ.

"ఔనే" అన్నాను.

ఆమె ఇంత నోట్లో వేసుకొని చూసింది.