అనుకరణమును స్వీయముద్రయును

మనుష్యుడు తాను వాడుకొను వస్తువును అలంకరింపక యుండలేడు. కుండమీద గీతలు గీసినవాడును, కొడవలిపిడికి చెక్కడము చేయించినవాడును ఆ పనివలన కుండలో నీరు చల్లబడుననియో, కొడవలికి పదును హెచ్చుననియో తలచి యట్లు చేయలేదు. ఈ స్వభావమును కొందఱు వ్యర్థాడంబరమని నిందింతురు; కొందఱు కళయని కొనియాడుదురు. ఈ రెండింటిలో ఏది న్యాయమో విచారించుటకు గొప్ప శిల్పముల జోలికి పోనక్కఱలేదు. అమెరికాదేశమున నొక యువకుడు తన విద్యుత్ గిటారునకు స్వహస్తముతో వేసికొన్న చారల రంగే ఈ విచారమునకు చాలినంత సామగ్రిని సమకూర్పగలదు.

ముందుగా ఆ వాద్యముయొక్క స్వరూపమును తెలిసికొనవలెను. సాధారణపు గిటారునందు బోలుగానుండు చెక్కపెట్టె మ్రోగి ధ్వనిని పెంచును. గట్టిచెక్కతో చేసిన విద్యుత్ గిటారునందు ఆ పెట్టె లేదు. ఉక్కుతీగ కంపించినప్పుడు దాని క్రిందనున్న అయస్కాంతపు క్షేత్రము చలించి, చుట్టినున్న సన్నని రాగితీగలో విద్యుత్తు పుట్టును. యంత్రము దానిని పెంచి ధ్వనిగా మార్చును. కాబట్టి చెక్కపై వేసిన రంగువలన ధ్వనియందు కలుగు భేదము మిక్కిలి స్వల్పము. అయినను ఆ రంగుకొఱకు పడు శ్రమ స్వల్పము కాదు. చెక్కను ఉప్పుకాగితముతో నునుపుచేయవలెను, రంధ్రములను పూడ్చవలెను, పూత మీద పూత వేసి, ప్రతిపూతను ఆరనీయవలెను. సన్‌బరస్టు అను పద్ధతియందు మధ్యభాగము పసుపుపచ్చగా వెలుగుచు, అంచులకు పోవుకొలది ఎఱుపై, తుదకు నలుపులో కలియును. ఆ కలియుచోటు కంటికి తెలియకుండునట్లు రంగును పొగమంచువలె పిచికారితో చల్లుట మిగుల నేర్పుగల పని. చారలు కావలసినప్పుడు అంటుకాగితపు పట్టీలను అతికించి, వాని అంచులను గట్టిగా నొక్కి, పైన రంగు చల్లి, పిదప ఆ పట్టీలను ఊడదీయుదురు. పట్టీ సరిగా అంటనిచోట రంగు లోనికి ప్రాకి గీత చెడును.

"ధ్వనిని పెంచని ఈ శ్రమ యేల?" అని ప్రయోజనవాది యడుగును. పనిముట్టుయొక్క ప్రయోజనము పనిముట్టులోనే ముగియునని తలచుట ఆయన పొరపాటు. వాద్యము వాయించువానికి చేతిపనిముట్టు మాత్రమే కాదు, నిత్యసహచరము. దానిని చూచినప్పుడు ప్రేమ కలిగిన యెడల చేయి దానిపైకి పోవును. చేయి పోయినకొలది అభ్యాసము హెచ్చును. కాబట్టి అలంకారము ధ్వనిని మార్చకపోయినను, వాయించువానిని మార్చవచ్చును.

ఇంకొక యాక్షేపణ దీనికంటె బరువైనది. నల్లని అంచు అందముకొఱకే గాక, ప్రక్కనున్న చెక్కల అతుకులను కప్పుటకును పనికివచ్చును. అట్లయిన అలంకారము అబద్ధమునకు తోడైనట్లు కాదా? ఇచ్చట కప్పుటకును మోసగించుటకును గల భేదమును గమనింపవలెను. గోడకు సున్నము వేసినవాడు ఇటుకలు లేవని చెప్పుటలేదు. అడిగినవానికి నిజము చెప్పుటకు సిద్ధముగానున్నవాని పూత మర్యాద. రెండుముక్కల చెక్కను ఒకేముక్కయని చెప్పి హెచ్చు వెల పుచ్చుకొనువాని పూత దొంగతనము. రంగు ఒక్కటే; నోటిమాటలోనే భేదమున్నది.

ఇక ఆ యువకుని కథకు వత్తము. ఎడ్వర్డు వాన్ హేలెన్ 1955వ సంవత్సరమున హాలెండుదేశపు ఆమ్‌స్టర్‌డాము నగరమున జన్మించెను. తండ్రి వాద్యకారుడు, తల్లి జావాద్వీపమున పుట్టినది. 1962లో ఆ కుటుంబము కాలిఫోర్నియాలోని పాసడీనాకు వలసపోయెను. యౌవనమున అతనికి ఒక సంస్థవారి గిటారు ఆకృతియు, వేఱొక సంస్థవారి ధ్వనియు కావలసివచ్చెను. రెండును ఒక్కచోట అంగడిలో దొరకలేదు. అందుచేత లోపముగలదని తక్కువ వెలకు, సుమారు 50 డాలర్లకు, అమ్మిన చెక్కను కొని, మఱియొక 80 డాలర్లకు మెడను కొని, పాతగిటారులోని అయస్కాంతపు చుట్టను తెచ్చి అందు పొదిగెను. తరువాత దానిని నల్లగా చేసి, పట్టీలు అడ్డదిడ్డముగా అతికించి, పైన తెల్లరంగు చల్లి, పట్టీలను లాగివేసెను. తెల్లని నేలపై నల్లని చారలు నిలిచెను. 1978లో వెలువడిన అతని బృందపు మొదటి సంపుటముయొక్క అట్టమీద లోకులు ఆ గిటారును చూచిరి.

చూచినవారు ఊరకుండలేదు. అట్టి చారలుగల గిటారులు అంగళ్లలో బయలుదేరెను. తనకొఱకు చేసికొన్న గుర్తు పదుగురి మెడలలో వ్రేలాడుట చూచి అతడు 1979లో ఆ నలుపుతెలుపులపైననే క్రొత్తపట్టీలు అతికించి సైకిళ్లకు వేయు ఎఱ్ఱరంగు చల్లెను. ఇందొక విశేషము కలదు. అతడు పాతరంగును గీకివేయలేదు. పట్టీలక్రింద దాగినంతమేర నలుపును తెలుపును నిలిచెను, తక్కినది ఎఱుపయ్యెను. క్రొత్తదనమునకు పూర్వమును నిర్మూలింప నక్కఱలేదనియు, ఏది దాచవలెనో ఏది కప్పవలెనో ఎఱిగిన చాలుననియు ఈ చెక్క మనకు చూపుచున్నది.

అయినను అతని నడవడి యంతయు మెచ్చదగినదని నేననను. అనుకర్తలను తికమకపెట్టుటకై అతడు పనిచేయని చుట్టను, మీటను గిటారునకు బిగించెనని ప్రసిద్ధి. 2009లో ఒక పాదరక్షల సంస్థ తన చారలను దొంగిలించినదని దావాయు వేసెను. తన గుర్తును కాపాడుకొనుట హక్కే కావచ్చును; కాని ఆ కాపుదలయందు మనస్సు చిక్కుకొన్నప్పుడు, స్వతంత్రుడుకూడ అనుకర్తలకే బంటగును. వారు నలుపుతెలుపులు వేసిన తాను ఎఱుపు వేయవలెను. వారు ఎఱుపు వేసిన మఱియొకటి వెదకవలెను. ఇట్టివాని రంగును నిర్ణయించువారెవరు? వాడా, వారా?

అనుకరణమంతయు దోషమే యనుటయు సరికాదు. మన యింటి ఆడుబిడ్డ ముగ్గు నేర్చుకొనునది తల్లి చేతిని చూచియేగదా. చుక్కలు తల్లివే, గీతలు తల్లివే. ఆ ముగ్గు నాదని ఎవరును దావా వేయరు. కొన్నాళ్లకు ఆ బిడ్డయే ఒక గీతను ప్రక్కకు మళ్లించి, తల్లి యెఱుగని పువ్వును పూయించును. అభ్యాసమునకు అనుకరణము నిచ్చెన. నిచ్చెనమీదనే కాపురముండుట తప్పుగాని నిచ్చెన నెక్కుట తప్పుకాదు.

నిచ్చెనమీది కాపురము ఎట్లుండునో చూపుటకు 2007వ సంవత్సరపు సంగతి చాలును. ఆ యేట ఒక గొప్పసంస్థవారు ఆ గిటారునకు 300 ప్రతిరూపములు చేసి ఒక్కొక్కదానిని 25,000 డాలర్లకు అమ్మకమునకు పెట్టిరి. మూలమందలి గీతలును, సిగరెట్టు కాలిన మచ్చలును, అరుగుదలయు ఉన్నవి ఉన్నట్లు దింపిరి. పేదయువకుడు తక్కువ సొమ్ముతో, లోపపు చెక్కతో చేసికొన్నదానిని ధనవంతులు వందరెట్లకు మించిన వెలకు కొనిరి. ఇందు మోసము లేదు. ప్రతిరూపమని చెప్పియే అమ్మిరి. కాని ఆ మచ్చలు కొన్నవానివి కావు. ఆ యువకుని గిటారుమీది ప్రతిగీత ఒక రాత్రి పడిన శ్రమకు సాక్షి. కొన్నవానికి ఆ రాత్రి లేదు. అనుభవము అంగడిలో దొరకదు. దాని గుర్తు మాత్రము దొరకును. గుర్తును చూచి అనుభవమని భ్రమించుట ఒక గిటారు విషయముననే కాదు, విద్య విషయమునను, భక్తి విషయమునను మనుష్యులకు వాడుకైన భ్రమయే.

ఈ భ్రమకు మందువంటి సంగతి యొకటి చెప్పి ముగించెదను. 1979లోనే వెలువడిన రెండవసంపుటపు అట్టమీద అతని చేత నలుపుపసుపు చారల గిటారొకటి కలదు. డైమ్‌బ్యాగ్ డారెల్ అను వేఱొక గిటారువాద్యకారునికి దానిపై మోజు కలిగి, అట్టిచారలుగల ప్రతిరూపము నొకదానిని వాన్ హేలెనును కోరెను. అది చేతికందకమున్నే, 2004 డిసెంబరులో, వాయించుచుండగా రంగస్థలముమీద ఒకడు అతనిని కాల్చిచంపెను. అంత్యక్రియలకు వాన్ హేలెను వచ్చి, ప్రతిరూపమును గాక, ఆ మూలపు గిటారునే మిత్రుని శవపేటికలో ఉంచెను. అనుకర్తలనుండి జీవితమంతయు తన చారలను కాపాడుకొన్నవాడు, తగినవాడు కనబడినప్పుడు వానిని మట్టిలోనికి ఇచ్చివేయ జంకలేదు. నాది యనుకొనుటయే స్వత్వమునకు పరమావధి యైనచో ఈ త్యాగము వెఱ్ఱితనము. కాని మనము దీనిని వెఱ్ఱితనమనము. అతడు 2020లో గతించెను. ఈ యొక్క యీవి అతని దావాలకంటె పెద్దదిగా నిలిచియున్నది.

కాబట్టి చదువరులారా, మీ యింటి బాలుడు తన వాద్యమునకో పెట్టెకో వంకరచారలు గీసికొన్నయెడల, అంగడిసరుకువలె లేదని గద్దింపకుడు. ఎవరిదో చూచి గీసినను గీయనిండు. ఆ గీతను తాను మెచ్చుకొనుచున్నాడా, ఇతరుల మెప్పునకై గీయుచున్నాడా యని మాత్రము ఒక్కమా రడుగుడు. ఆ ప్రశ్నకు నిజముగా బదులు చెప్పనేర్చినవానికి ఏ రంగైనను తన రంగే యగును.