మంచు కప్పిన శిఖరము

వేములవాడ రాజరాజేశ్వరుని దర్శించుటకు కొండ యెక్క బనిలేదు. శ్రీశైలమట్లు కాదు. నల్లమలలో పెచ్చెరువు దారిన కాలినడకన పోవు యాత్రికుడు భీమునికొలను లోయలోనికి దిగి, మరల నిటారైన మెట్లెక్కి కైలాసద్వారము చేరవలెను. ఆ పిమ్మట రెండవ కొన శిఖరేశ్వరము. సుమారు 2,830 అడుగుల యెత్తు. అచ్చటినుండి మల్లికార్జునాలయ శిఖరమును చూచినవారికి పునర్జన్మ లేదని పెద్దల మాట. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున పర్వత ప్రకరణమును ఈ క్షేత్రమహిమకే వినియోగించెను.

వానకారున మబ్బులు, చలికాలమున పొగమంచు ఈ కొనలను కప్పును. నాడు శిఖరము కానరాదు. ఎక్కినవాని శ్రమ వ్యర్థమేనా?

ఒక సందర్భము నూహింతము. కైలాసద్వారము మెట్లపై ఒక వృద్ధురాలు అలసి కూలబడెను. ఇద్దరు యాత్రికులలో ఒకడాగి చేయూత నిచ్చెను, రెండవవాడు సాగిపోయెను. శిఖరేశ్వరమున మంచు క్షణకాలము తొలగగా ముందు పోయినవాడు శిఖరమును చూచెను. ఆగినవాడు వచ్చుసరికి తెర మరల మూసికొనెను. దర్శనమెవరికి లభించినట్లు?

స్థావరము నశించునని, జంగమమునకు నాశము లేదని 12వ శతాబ్దమున బసవేశ్వరుడు బోధించెను. ఆ బోధ సత్యమైనచో మెట్లపై అలసిన ఆ వృద్ధురాలే నడచు దేవళము. ఆగినవాడు దర్శనమును ముందే పొందెను.

అట్లయిన కొండ యెక్కనేల యని శంక కలుగవచ్చును. ఎండలో కన్ను దూరపు శిఖరమునకే పరుగిడును. మంచులో ప్రక్కవాని చేయి మాత్రమే కనబడును. కొండ నేర్పు పాఠమిదియే. దానిని నేర్చి వచ్చినవాడు వేములవాడలో కోడె మ్రొక్కు వరుసయందు తన వెనుక వణకుచు నిలిచిన ముదుసలికి ముందు చోటిచ్చును. ఇయ్యనిచో, శిఖరమును కన్నులార చూచి వచ్చినను, అతని యాత్ర యింకను మిగిలియున్నదనియే చెప్పవలెను.