గడీలో దయ్యం ఎవరి పక్షం?

పాడుబడిన గడీ ఎక్కడ ఉన్నా దాన్ని అంటిపెట్టుకుని ఒక దయ్యం ఉంటుంది. వెనక దొడ్లో చింతచెట్టు మీదనో, బావి గట్టు మీదనో, ధాన్యపు కొట్లోనో దాని నివాసం. అమావాస్యనాడు గజ్జెల చప్పుడు వినిపిస్తుందంటారు. పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుందంటారు. పాత వరంగల్ జిల్లా పల్లెల్లో గడీ అయినా, హైదరాబాదు నగరంలో పాత బంగళా అయినా కథ పెద్దగా మారదు. చదువుకున్నవాళ్లం మనం ఇటువంటి కథ విని నవ్వి ఊరుకుంటాం. నవ్వడంలో తప్పు లేదు. కాని నవ్వడంతో మన బాధ్యత తీరిపోతుందా?

ఈ కథల్లో దయ్యమయ్యేది ఎవరో గమనించండి. బావిలో పడి చచ్చిన దాసి, దెబ్బలకు ప్రాణం విడిచిన జీతగాడు, నెలలు నిండి దిక్కులేకుండా పోయిన పడుచు. దొరే దయ్యమై తిరుగుతున్నాడన్న కథ అరుదు. దొర మంచంమీద పోతాడు, కర్మకాండ సక్రమంగా జరుగుతుంది, ఫోటో గోడకెక్కుతుంది. బతికినన్నాళ్లూ ఊరు ఎవరిని చూసి వణికిందో ఆయనను గురించిన భయం ఆయనతోనే పోయింది. బతికినన్నాళ్లూ ఎవరు వణికారో, వారిని చూసి ఊరు ఇప్పుడు వణుకుతున్నది. హంతకుడి మీద ఉండవలసిన భయం హతుల మీదికి మారింది. దయ్యం కథలో జరిగే అసలు మాయ ఇదే.

గడీ అంటే కేవలం పెద్ద ఇల్లు కాదు. ఎత్తయిన ప్రహరీ, ఏనుగు పట్టే దర్వాజా, లోపల కచేరీ, గాదెలు, కొట్టాలు, బావి. పన్నులూ, తగాదాలూ, శిక్షలూ అన్నీ అక్కడే. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలు ఊరు ఊరంతా దానికి వెట్టి చేసింది. దొరసాని కాపురానికి వస్తే ఆమెతోపాటు అరణంగా వచ్చిన ఆడబాప జీవితమంతా ఆ గోడల లోపలే తెల్లవారింది. విసునూరు దేశ్‌ముఖు చేతికింద 40,000 ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువడిన తన తెలంగాణ పోరాట గ్రంథంలో లెక్క చెప్పారు. అన్ని ఎకరాలను ఒక కుటుంబం చేతిలో నిలబెట్టింది కాగితాలు మాత్రమే కాదు, భయం. గడీ గోడలు ఆ భయానికి పెట్టుబడి.

ఆ భయం 1951లో పోరాటం విరమించగానే మాయమవలేదు. జాగీర్దారీ రద్దయింది, దొరలు పట్నాలకు చేరారు, గోడలు కూలాయి. అయినా పొద్దుగూకితే ఆ ఆవరణలో అడుగుపెట్టడానికి కూలివాడు జంకుతాడు. ఎందుకంటే దయ్యం ఉందంటాడు. ఖాళీగా పడివున్న ఆ జాగా ఎవరిదని అడిగేవాడూ లేడు. చూడండి, ఆ దాసి బతికివుండగా గడీకి వెట్టి చేసింది. చచ్చిన తర్వాత జీతంలేని కావలి కాస్తున్నది. చావు కూడా ఆమెకు వెట్టి తప్పించలేదు!

ఇక్కడ మన మిత్రులు కొందరు ఒక ఆక్షేపణ చెబుతారు. నోరెత్తడానికి వీల్లేని కాలంలో ప్రజలు తమ నేరారోపణను దయ్యం కథలో దాచుకున్నారు, అది పేదవాడి చరిత్ర గ్రంథం, దాన్ని మూఢనమ్మకమని తోసెయ్యడం పండితుల అహంకారమని వారి వాదన. ఇందులో సగం నిజముంది. బావిలో ఎవరో చచ్చారన్న సంగతిని రెవెన్యూ రికార్డు దాచింది, దయ్యం కథ దాచలేదు. కాని అది నేరాన్ని జ్ఞాపకం పెట్టుకుని నేరస్థుణ్ణి మరిచిపోయింది. ఆమె పేరు మరిచింది, ఆమెను బావిదాకా తరిమిన వాడి పేరూ మరిచింది. మిగిలింది గజ్జెల చప్పుడు. పైగా దయ్యాన్ని నమ్మే మనసు అక్కడితో ఆగదు. దయ్యాన్ని పంపేవాళ్లున్నారని నమ్ముతుంది, బాణామతి అంటుంది, చేతబడి అంటుంది. ఆ అనుమానంతో మన పల్లెల్లో పళ్లూడగొట్టిందీ, చంపిందీ ఎవరిని? దొరను కాదు, సాటి పేదవాణ్ణి, ఒంటరి ముసలమ్మను. గడీ పోయినా గడీ నేర్పిన భయం పేదలనే కాటు వేస్తున్నది. అంచేత దయ్యం కథను ప్రజాసాహిత్యమని ముద్దుచెయ్యడం మన పని కాదు.

మరి చచ్చినవాళ్లను ప్రజలు ఇంకోవిధంగా గుర్తుంచుకోలేరా? ములుగు జిల్లా మేడారమే దీనికి జవాబు. కాకతీయ ప్రతాపరుద్రుడికి కప్పం కట్టలేమన్న కోయల మీదికి సైన్యం వచ్చిందని, సమ్మక్క, సారలమ్మ పోరాడి ఒరిగారని, జంపన్న సంపెంగ వాగులో పడి ప్రాణం విడిచాడని కథ. ఇందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్నది వేరే చర్చ. మనకు కావలసింది ఇది: అక్కడా చావులే, అక్కడా నీళ్లలో పడి చచ్చినవాడే. కాని జంపన్న వాగును చూసి ఎవరూ భయపడరు. రెండేళ్లకొకసారి, మాఘ పున్నమికి లక్షలాది జనం పిల్లాపాపలతో వచ్చి అందులో స్నానం చేస్తారు. గడీ బావికీ, జంపన్న వాగుకూ తేడా నీళ్లలో లేదు. మేడారంలో చచ్చినవారికి పేర్లున్నాయి, మావాళ్లని చెప్పుకొనే కోయజాతి ఉంది, ఎవరితో ఎందుకు పోరాడారన్న సంగతి కథలోనే ఉంది. గడీ బావిలో పడినదానికి ఈ మూడూ లేవు. తన మనిషి అని ఎవరూ చెప్పుకోని మృతురాలే దయ్యం.

దేవతలను చెయ్యండని నేను అనడం లేదు. దేవతకు మొక్కులు చెల్లిస్తే చాలునన్న నిశ్చింత ఉంది. కప్పం అడిగే రాజులు ఇంకా ఉన్నారన్న సంగతి ఆ నిశ్చింతలో మరుగునపడుతుంది. మూడో దారిని మన ప్రజలే చూపించారు. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద విసునూరు దేశ్‌ముఖు మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆయన దయ్యం కాలేదు, దేవుడూ కాలేదు, అమరుడైనాడు. చంపించిన గడీ పేరూ, చచ్చిన మనిషి పేరూ ఒకే వాక్యంలో చెప్పుకునే ధైర్యం సంఘం ఇచ్చింది. ఆ వాక్యం పూర్తయినచోట దయ్యానికి చోటు దొరకదు.

చచ్చినవాళ్లకు మనం బాకీ ఏమిటని భౌతికవాది అడగవచ్చు. వారికి ఆత్మలు లేవు, ఆశలు లేవు, తృప్తి లేదు, నిజమే. బాకీ బతికున్నవారికి. అదే ఊళ్లో అదే కులాలవారు అదే ఆవరణ పక్కనుంచి నడుస్తున్నారు. తమ ముత్తవ్వను తాము భయపడవలసిన వస్తువుగా వారికి ఎవరు అప్పజెప్పారో తెలుసుకునే హక్కు వారిది.

ఈ మాట పల్లె గడీలకే పరిమితం కాదు. హైదరాబాదు కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ భవనం చూడండి. కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు కాలంలో, 19వ శతాబ్దం తొలి ఏళ్లలో, నిజాము సొమ్ముతో లేచింది. చూడవచ్చినవారికి ఎక్కువగా చెప్పేది ఆ దొరకూ ఖైరున్నీసా బేగంకూ జరిగిన ప్రేమకథే. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని దానిమీద దాడిచేసిన సంగతి దాని వెనక సన్నగా వినిపిస్తుంది. అయినా ఆ మేడ మారింది. 1949 నుంచి అందులో ఆడపిల్లలు చదువుకుంటున్నారు. 2024లో అక్కడి మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. విసునూరు దేశ్‌ముఖుకు ఎదురుతిరిగి పాలకుర్తిలో తన పంట దక్కించుకున్న ఐలమ్మ! పాత మేడలను కూల్చనవసరం లేదని, అక్కడ ఎవరు చదువుతారు, ఎవరి పేరు చెబుతారు అన్నదే ముఖ్యమని ఇది రుజువు చేస్తున్నది. ఐతే పేరు పలక మీద ఆగిపోతే అదీ ఒక మంత్రమే అవుతుంది. ఐలమ్మ ఎవరితో, దేనికోసం తగాదాపడిందో అందులో చదివే పిల్లకు తెలియాలి.

గడీలను పర్యాటక స్థలాలుగా, విడిది గృహాలుగా మారుస్తామన్న మాటలు వినిపిస్తున్నాయి. దయ్యం కథకు కూడా టికెట్టు పెట్టే రోజు దూరంలో లేదు. ఆ దర్వాజా మీద వేలాడే బోర్డులో ఏమి రాయాలన్నది మనం ఇప్పుడే తేల్చుకోవాలి. ములుగు, జనగామ, వరంగల్ కళాశాలల విద్యార్థులు, ఉపాధ్యాయులు తమ ఊరి గడీ ఆవరణలోకి పట్టపగలు నలుగురూ కలిసి వెళ్లాలి. బావి ఎవరు తవ్వారు, అందులో ఎవరు పడ్డారు, ఎందుకు పడ్డారు అని ముసలివాళ్లను అడిగి రాసుకోవాలి. 1946లో పదేళ్ల పిల్లవాడు ఇప్పుడు తొంభై ఏళ్ల వృద్ధుడు. అడగవలసినవారు ఇంకా కొందరే మిగిలారు.