గొంతులో నా వాటా

నా మిక్సర్‌లోనే రివర్బ్, అంటే మారుమోత, ఉంది. హాలు, రూము, ప్లేటు అని పేర్లు పెట్టిన ప్రోగ్రాములు ఉన్నాయి. ఒక మీట నొక్కితే గొంతు ఎంత పెద్ద హాల్లో కావాలంటే అంత పెద్ద హాల్లో మోగుతుంది. నాటక సమాజాలకు మైకుసెట్టు కట్టేవాడికి అంతకు మించి అక్కర్లేదు. అయినా సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చుని, చంకన పెట్టుకుపోగలిగే స్ప్రింగుల రివర్బ్ పెట్టె ఒకటి సొంతంగా తయారుచేశాను. ఎందుకని అడిగినవాళ్లకు చెబుతూ వచ్చిన జవాబు వేరు, అసలు జవాబు వేరు.

చెప్పే జవాబులో తప్పేమీ లేదు. పల్లెల్లో పద్యనాటకాలు ఎక్కువగా ఆరుబయటే ఆడతారు. గోడల్లేని చోట నోరు దాటిన మాట పోయినట్టే, తిరిగి రాదు. 1895లో హార్వర్డ్‌లో వాలెస్ సాబిన్ అనే కుర్ర అధ్యాపకుడికి ఒక పని అప్పగించారు: ఒక లెక్చర్ హాల్లో మాట ఎందుకు అర్థం కావడం లేదో తేల్చమని. ఆయన రాత్రిళ్లు వేరే థియేటరు సీట్ల మెత్తలు తెప్పించి ఆ హాల్లో పరుస్తూ, ఎన్ని మెత్తలకు మారుమోత ఎంతసేపట్లో అణుగుతుందో కొలిచాడు. శబ్దాన్ని పూర్తిగా మింగేసేదానికి ఆయన కొలమానం తెరిచిన కిటికీ. ఆ లెక్కన మన ఊళ్లలో స్టేజీ ముందున్న మైదానమంతా కిటికీయే. రాగం తీసిన నటుడు తన గొంతు తనకు వినపడక, ఇంకా పైకి లాగి గొంతు చించుకుంటాడు. కాస్త మారుమోత కలిపి వినిపిస్తే నిలదొక్కుకుంటాడు.

ఇది మారుమోత ఎందుకన్నదానికి జవాబు. స్ప్రింగులే ఎందుకన్నదానికి కాదు.

స్ప్రింగు రివర్బ్‌కు మూలం టెలిఫోను పరిశోధన. దూరపు లైన్లలో మాట ఆలస్యమయ్యే తీరును పరీక్షగదిలో పుట్టించడానికి బెల్ ల్యాబ్స్ వాళ్లు స్ప్రింగులు వాడారు. చర్చిలో మోగే ఆర్గన్ ఇంటి హాల్లో పొడిపొడిగా వినిపిస్తోందని హామండ్ ఆర్గన్ కంపెనీ దాన్ని సంగీతంలోకి తెచ్చింది. 1961లో ఫెండర్ గిటారు వాళ్ల కోసం దాన్నే విడిపెట్టెగా అమ్మింది. లోపల ఉండేది తక్కువే. రెండు మూడు సన్నటి స్ప్రింగులు, ఈ చివర కాయిలూ అయస్కాంతమూ, ఆ చివరా అవే. గొంతు తాలూకు కరెంటు కాయిల్లోకి వస్తే అయస్కాంతం మెలి తిరుగుతుంది. ఆ మెలిక స్ప్రింగు పొడవునా పాకి, సెకనులో సుమారు ముప్ఫయ్యో వంతు ఆలస్యంగా అవతలికి చేరి మళ్లీ కరెంటవుతుంది. అక్కడితో ఆగక వెనక్కి మళ్లుతుంది, మళ్లీ వస్తుంది. రెండు మూడు సెకన్లపాటు అలా అటూ ఇటూ తిరిగి ఆరిపోతుంది.

స్ప్రింగులున్న ట్యాంకు కొన్నాను. మిగతా సామాను కోఠి గుజరాతీ గల్లీలో ఏరుకున్నాను. స్ప్రింగును కదిలించడానికి ఎల్ఎం386 చిప్పు, అవతల వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను పైకెత్తడానికి టీఎల్072. జనరేటరు కరెంటుతో ఎక్కడ హమ్ వస్తుందోనని 12 వోల్టుల బ్యాటరీ పెట్టాను. ఆంప్లిఫయరు ట్రాన్స్‌ఫార్మరు దగ్గరుంటే ట్యాంకులోని కాయిలు ఆ రొద పట్టేస్తుంది కాబట్టి పెట్టెను దూరంగా ఉంచాలి. అన్నిటికన్నా పెద్ద తంటా చెక్కల స్టేజీ. భీముడు గద నేలకేసి కొడితే స్ప్రింగులు ఎగిరిపడి స్పీకర్లలో పిడుగు పడుతుంది. అందుకని ట్యాంకును మెత్తటి ఫోమ్ మీద వదులుగా కూర్చోబెట్టాను.

ఇంత అవస్థా ఎందుకంటే, స్ప్రింగుకు సొంత గొంతు ఉంది. మిక్సర్‌లోని హాలు ప్రోగ్రాము ఏదో ఒక హాలును అనుకరిస్తుంది. స్ప్రింగులా మోగే హాలు భూమ్మీద ఎక్కడా ఉండదు. దాని గుండా వెళ్లిన ప్రతి గొంతుకూ ఆ లోహపు జీర అంటుకుంటుంది. అంటే నేను పనిచేసిన ప్రతి నాటకంలో, ఎవరు పాడినా, నా పెట్టె కూడా పాడుతుంది. నాకు పాట రాదు. శ్రుతి నిలవదు. నాటకాల పిచ్చి మాత్రం వదలలేదు. రాగం తారస్థాయిలో నిలబడి జనం ‘వన్స్ మోర్’ అని కేకలు వేసినప్పుడు, అందులో నా వాటా ఎంతో లోలోపల లెక్కేసుకుంటాను. అసలు జవాబు ఇదే.

ఈ వాటా కోరిక ఉన్నవాడి చెయ్యి నిష్పక్షపాతంగా ఉండదు. నాకు ఇష్టమైన నటుడు రాగం అందుకుంటే నాబ్ పైకి పోతుంది. కొత్త కుర్రవాడు తడబడితే అప్పుడూ పెంచుతాను, మారుమోత శ్రుతిలోని లోపాన్ని కొంత కప్పుతుంది కదా. దానికి దయ అని పేరు పెట్టుకున్నాను. ఆ దయ ఎవరికి దక్కాలో తేల్చే అధికారం నాకు ఎవరిచ్చారని నన్ను నేను అడగలేదు.

హరిశ్చంద్రలో కాటిసీనుకు అందరూ ఎకో కావాలంటారు. జాషువా పద్యాలు అక్కడ పాడటం మన స్టేజీకి అలవాటు. ఒక పెద్దాయన మాత్రం తెర వెనక్కి పిలిచి అన్నాడు: “ఒత్తులన్నీ నీ పెట్టె మింగేస్తోంది బాబూ. రాగానికి వాడుకో, పద్యానికి వద్దు.” శాస్త్రం చెప్పేదీ అదే. సమాసం నడుస్తుండగా ఒక మాట తోక తర్వాతి మాట మీద పడితే అర్థం అలుక్కుపోతుంది. ఆ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసీ పద్యం మీదికి కూడా ఎకోను రానిచ్చానంటే, మాటల్లో సైతం నా పెట్టె వినపడాలన్న ఆశ తప్ప వేరే కారణం దొరకడం లేదు. మైకు లేని రోజుల్లో ఆఖరి వరసదాకా పద్యం వినిపించిన నటులకు నాలాంటివాడు కావలసి రాలేదు. ఆ ఆలోచన నన్ను కాస్త చిన్నబుచ్చుతుంది. చిన్నబుచ్చుకుంటున్నానంటేనే అర్థం కావాలి, నేను ఈ పని పాడేవాళ్ల కోసమే చేయడం లేదని.

తర్వాత పెట్టెలో ఒక రిలే బిగించి, పొడుగు వైరుతో స్విచ్చిని హార్మోనియం మీదికి చేర్చాను. పద్యం ఎక్కడ ముగిసి రాగం ఎక్కడ మొదలవుతుందో హార్మోనిస్టుకు తెలిసినంత బాగా నాకు తెలియదు. ఎకో ఎప్పుడు ఉండాలో, ఎప్పుడు పోవాలో ఇప్పుడు ఆయన ఇష్టం. ఎంత ఉండాలన్న నాబ్ మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. అదీ ఇచ్చెయ్యవచ్చు కదా అంటే చెప్పడానికి కారణం సిద్ధంగా ఉంది: అంత పొడుగు వైరులో సిగ్నల్ నడిపితే హమ్ పట్టుకుంటుంది. ఆ కారణం నిజమే. దానికి విరుగుడు ఉందన్నదీ, అది నాకు తెలుసన్నదీ నిజమే.