ఫరక్కా నీళ్లు దానమా, బాకీయా?

తిరిగి ఉపకారం చేయలేనివాడికి ఇచ్చేదే సాత్త్విక దానమని గీత పదిహేడో అధ్యాయం చెబుతుంది. అది మనిషికి చెప్పిన మాట. రాజ్యానికీ వర్తిస్తుందా? 1996లో విదేశాంగ మంత్రిగా ఐ.కె. గుజ్రాల్ ప్రకటించిన విధానం వర్తిస్తుందన్నట్టే ఉంటుంది: బంగ్లాదేశ్, భూటాన్, మాల్దీవులు, నేపాల్, శ్రీలంకల నుంచి భారత్ బదులు కోరదు, చేయగలిగింది సద్భావంతో చేస్తుంది. (పాకిస్థాన్ పేరు ఆ జాబితాలో లేదు, ఔదార్యానికీ సరిహద్దులుంటాయి.) పక్క రాజును సహజ శత్రువుగా లెక్కగట్టిన కౌటిల్యుడికి ఇది రుచించేది కాదు.

నిజానికి ఆ విధానంలో మెచ్చదగినది ఔదార్యం కాదు, బాకీని బాకీగా తీర్చడం. ఫరక్కానే చూడండి. 1975లో గంగ మీద ఫరక్కా బరాజ్ నడవడం మొదలైనప్పటి నుంచి ఎండాకాలపు నీటి కోసం దిగువనున్న బంగ్లాదేశ్ గొడవపడుతూనే వచ్చింది. 1996 డిసెంబర్ 12న ఇరుదేశాల ప్రధానులు దేవెగౌడ, షేక్ హసీనా ముప్పై ఏళ్ల ఒప్పందంపై సంతకాలు చేశారు. జనవరి నుంచి మే దాకా ఫరక్కా దగ్గర ప్రవాహం 70,000 క్యూసెక్కులు మించకపోతే చెరిసగం. గేట్లు చేతిలో ఉన్నవాడికి ఇది దానంలా తోచవచ్చు. ఎగువన ఆల్మట్టి డ్యామ్ ఎత్తు పెంచే మాట వింటేనే ఉలిక్కిపడే కృష్ణా ఆయకట్టు రైతు మాత్రం అలా అనుకోడు. తనొక్కడిదే కాని నీటిని ఎగువవాడు దానం ఎలా చేస్తాడు? బాకీ తీర్చేవాడు బదులు అడగడు, అంతే.

పాలకుడు ప్రజల సొత్తుకు ధర్మకర్త మాత్రమే, దాన్ని పంచిపెట్టే హక్కు అతనికెక్కడిదన్న అభ్యంతరం బలమైనదే. కానీ అది దానానికి తగులుతుంది, బాకీకి తగలదు. ఇచ్చి ఏం బావుకున్నామన్నది రెండో మాట: 2004లో బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌లో అస్సాం వేర్పాటువాద సంస్థ ఉల్ఫా కోసం దిగిన పది ట్రక్కుల ఆయుధాలు పట్టుబడలేదా? పట్టుబడ్డాయి. ఆ నేరానికి నిలదీయాల్సిందే, కానీ నీటి వాటాతో దాన్ని ముడిపెడితే, ఇచ్చినప్పుడే కృతజ్ఞతను వడ్డీగా రాసుకున్నామని ఒప్పుకున్నట్టే. భూమి సంగతీ అంతే: 2015లో భారత్ బంగ్లాదేశ్‌కు 111 ఛిట్‌మహళ్లను (అవతలి దేశం నడుమ చిక్కుకున్న భూభాగాలను) ఇచ్చి 51 తీసుకుంది. కాగితం మీద సుమారు 10,000 ఎకరాల నష్టం. 1974లో ఒప్పుకున్నదాన్ని నలభై ఏళ్లు నానబెట్టిన తర్వాత చేసిన పనిని త్యాగమనడం నాకు విడ్డూరంగా ఉంటుంది.

జవాబు తేలిగ్గా దొరకని ప్రశ్న మరొకటి ఉంది. దేశం బాకీపడితే ఇంట్లో ఎవరు కట్టాలి? 2011లో బంగ్లాదేశ్‌తో తీస్తా నదీజలాల ఒప్పందం ఆగింది ఢాకాతో పేచీ వల్ల కాదు. తన రైతుల వాటా పోతుందని పశ్చిమ బెంగాల్ అడ్డుపడింది. దిగువ దేశానికి న్యాయం చేస్తూ, ఆ భారమంతా ఒక్క రాష్ట్రం నెత్తిన పెట్టే అధికారం ఢిల్లీకి గుజ్రాల్ విధానం ఇవ్వదు.